గొట్టంలోంచి వచ్చిన మాట

చిలుకమ్మ నీళ్ల బండి సందులోకి రాకముందే ఆమె గొంతు వస్తుంది. హారన్ కొట్టే అలవాటు ఆమెకు లేదు. "నీళ్లూ!" అని ఒక్క కేక వేస్తే మూడో అంతస్తులో పోపు పెడుతున్న మనిషి కూడా స్టవ్ తగ్గించి ఖాళీ క్యాను గుమ్మంలో పెట్టాల్సిందే.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటికి కోడలై వచ్చినప్పుడు ఆమెకు ఇంత గొంతు లేదు. నెక్కొండలో పుట్టి పెరిగిన పిల్ల. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అత్తగారింట్లో మూడు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే మామూలుగా చెప్పిన మాట పక్క మనిషికి చేరదు. అన్నానికి రమ్మని పిలవాలన్నా అరవాలి. అరిచి అరిచి గొంతు పెరిగింది. తర్వాత మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గొంతు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

భర్త బుచ్చిరాములుకు నడుము పట్టేసి మగ్గం గుంటలో కూర్చోలేని రోజు వచ్చాక, శివనగర్‌లో వాటర్ ప్లాంటు పెట్టిన దూరపు చుట్టం దగ్గర చిలుకమ్మ పనికి కుదిరింది. మొదట క్యాన్లు కడిగేది. డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేసినప్పుడు ట్రాలీ ఆటో స్టీరింగు పట్టుకుంది. ప్లాంటు ఆవరణలోనే ముందుకూ వెనక్కూ నడిపి నేర్చుకుంది. "ఆడమనిషి ట్రాలీ నడుపుడేందక్కా?" అని నవ్వినవాళ్లకు, "నీళ్లు మోసుడు ఆడోళ్ల పనే గదనే. నెత్తి మీదికెల్లి బండి మీదికి దించిన, గంతే" అని జవాబు చెప్పేది.

ఆమె నీళ్లు పోసే చోట్లు తిన్నని వీధుల్లో ఉండవు. ఎనుమాముల వైపు పత్తి మిల్లులు, హనుమకొండలో లేస్తున్న అపార్టుమెంట్లు, నర్సింగు పిల్లల హాస్టళ్లు, లారీలు ఆగే అడ్డాలు. అన్ని చోట్లా అడిగేది ఒక్కటే, అడిగే మాటే వేరు. అందుకని ఆమెకొక సరదా పట్టుకుంది. కొత్త మనిషి కనబడితే చాలు, "మీ భాషల నీళ్లకేమంటరు?" అని అడిగేది.

బెంగాలు నుంచి వచ్చిన తాపీ పనివాళ్లు 'జొల్' అన్నారు. "జొల్లా? గది మా దగ్గర నోట్లెకెల్లి కారేది" అని పడిపడి నవ్వింది. తమిళ లారీ డ్రైవరు 'తణ్ణి' అన్నాడు. కేరళ నర్సమ్మ 'వెళ్ళం' అంది. "ఎల్లమంటే పోమనా? గట్లయితే డ్యూటీకెవరు పోతరు?" అని ఆటపట్టించింది. ఏటూరునాగారం అడవుల నుంచి వచ్చిన కోయ కూలీలు 'ఏర్' అన్నప్పుడు మాత్రం నవ్వలేదు. "మనం ఏరంటే పారేదనుకుంటం, వాళ్లు చెంబుల పోసుకున్నదాన్ని గూడ ఏరే అంటరట" అని ఆ రాత్రి బుచ్చిరాములుకు చెప్పింది. ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో ఆఫ్రికా పిల్లలు ఉండేవాళ్లు. టాంజానియా అబ్బాయి 'మాజీ' అన్నాడు. సూడాన్ అబ్బాయి 'మోయా' అన్నాడు. మాజీ అనేది మాజీ ఎమ్మెల్యేలాగా ఉందని ఆమెకు బాగా గుర్తుండిపోయింది. ఒడియా వాళ్లు 'పాణి' అంటారని తెలిసిన రోజు నుంచి హంటర్ రోడ్డు దగ్గర సైటులో మేస్త్రీగా ఉన్న సారంగపాణికి బతుకు కష్టమైంది. "పేర్లనే నీళ్లు పెట్టుకున్నవు, ఇగ నా క్యాన్లు నీకెందుకే తమ్మీ?" అని కనబడ్డప్పుడల్లా అనేది.

ఆ సారంగపాణి సైటులోనే కిందటేడు ఆషాఢంలో ఆ సంగతి జరిగింది.

హంటర్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక ఇరుకు సందు చివర అపార్టుమెంటు కడుతున్నారు. కింద కార్లు పెట్టుకోవడానికి సెల్లారు తవ్వారు. ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డా పైకి కనబడనంత లోతు గుంత. సందు వైపు ఉన్న మట్టిగోడకు ఆసరా ఏమీ పెట్టలేదు. వానలు ముదరకముందే పునాది లేపేద్దామని తొందర.

ఆ రోజు వాన లేదు. మబ్బు పట్టి ఉక్కగా ఉంది. చిలుకమ్మ పొద్దెక్కాక అక్కడికి చేరేసరికి మిగతా కూలీలు టిఫినుకు పైకి వచ్చేశారు. గుంతలో ఒక్కడే ఉన్నాడు, ఎత్వా. జార్ఖండ్‌లో గుమ్లా దగ్గర పల్లె అతనిది. భార్య ఫూల్మనితో, తన ఊరి జట్టుతో వచ్చి నాలుగు నెలలయింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక స్లాబు పని ఉందని ఫూల్మనితో సహా జట్టంతా అక్కడికి పోయింది. ఇనుప కడ్డీలు కట్టడంలో చేయి తిరిగినవాడని ఎత్వానొక్కణ్ణీ సారంగపాణి ఇక్కడ ఆపుకున్నాడు. నెమ్మదైన మనిషి. చిలుకమ్మ కనబడితే "పానీ ఇధర్ రఖ్ దో, దీదీ" అని నీళ్లు పెట్టే చోటు చూపేవాడు. హిందీలో పానీ అంటున్నాడు కదా అని అతని భాషలో నీళ్లనేమంటారో ఆమె ఎప్పుడూ అడగలేదు.

రెండో క్యాను దించుతుండగా కాళ్ల కింద నేల అదిరింది. తడిసిన జంపఖానాను పైనుంచి బండ మీదికి విసిరికొట్టినట్టు ఒక్క చప్పుడు. తిరిగి చూసేసరికి సందు వైపు మట్టిగోడ లేదు. దాని అంచున ఉన్న పాత ప్రహరీ లేదు. ప్రహరీకి ఆనించిన సెంట్రింగు చెక్కలు, ఇనుప రేకులు లేవు. అన్నీ గుంతలో ఉన్నాయి. దుమ్ము లేస్తూ ఉంది.

"ఎత్వా!" అని సారంగపాణి పెట్టిన కేక చాలాసేపు అట్లాగే ఆమె చెవిలో ఉండిపోయింది.

జనం పోగయ్యారు. ఫైరింజన్ వచ్చింది. వాళ్ల ఆఫీసరు కృష్ణమోహన్ దిగీదిగగానే అందర్నీ అంచు నుంచి వెనక్కి నెట్టించాడు. జేసీబీని మళ్లీ తెచ్చి మట్టి లాగేద్దామని ఎవరో అంటే ఒప్పుకోలేదు. "మిగిలిన గోడ గూడ పగులు పట్టి ఉంది. బండి ఎక్కితే అదీ కూలుతది. జాకీలు, దుంగలు పెట్టి నిలబెట్టినంకనే చెయ్యి పెట్టాలె. వరంగల్ నుంచి తెప్పిస్తాన" అన్నాడు.

అప్పుడొక ఫైర్‌మన్ చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నాడు. కూలిన కుప్పలోంచి ఒక పీవీసీ గొట్టం మూరెడు బయటికి పొడుచుకుని ఉంది. దాని లోపలి నుంచి టక్... టక్... అని వినబడుతోంది.

బతికే ఉన్నాడు. రేకులూ చెక్కలూ ఒకదాని మీద ఒకటి వాలి కింద చిన్న గూడులా ఏర్పడింది కాబోలు. అతను అందులో ఇరుక్కున్నాడు.

"హిందీ తెలిసినోళ్లు, బరువు తక్కువున్నోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని కృష్ణమోహన్ అడిగాడు. "గొట్టం దగ్గర పండుకుని వాడితో మాట్లాడుతనే ఉండాలె. నిద్రల పడితే కష్టం."

చిలుకమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, ముందుకొచ్చింది. నడుముకు తాడు కట్టారు. చెక్కల మీద పాక్కుంటూ పోయి బోర్లా పడుకుని గొట్టానికి నోరు పెట్టింది.

"ఎత్వా! మై చిలుకమ్మ. పానీవాలీ. సునాయీ దేతా?" వినబడుతోందా అని.

టక్.

"డరో మత్. సబ్ ఆగయే. నికాల్తే తుమ్‌కో." భయపడొద్దని, అందరూ వచ్చారని, బయటికి తీస్తారని.

టక్.

అంతే. మాట లేదు. ఛాతీ మీద బరువుంటే గొంతు రాదని, ఊరికే కొట్టమని చెప్పమన్నాడు కృష్ణమోహన్. ఆమె అట్లాగే చెప్పింది. ఏదో ఒకటి మాట్లాడుతూ పోయింది. తన బండి సంగతి, బుచ్చిరాములు నడుము సంగతి. నోటికి వచ్చిన హిందీ అయిపోతే తెలుగులో. ప్రతి మాటకూ కింద నుంచి చిన్నగా టక్ అని జవాబు వస్తోంది. జాకీలు బయల్దేరాయని ఫోను వచ్చింది. అందరి మొహాల్లో కాస్త ప్రాణం కనబడింది.

మధ్యాహ్నమవుతుండగా గొట్టంలోంచి మొదటిసారి గొంతు వచ్చింది.

"అమ్మ్..."

చిలుకమ్మ ఉలిక్కిపడి చెవి గొట్టానికి ఆనించింది.

"అమ్మ్... అమ్మ్..."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి తిరిగి, "సార్, వాళ్లమ్మను పిలుస్తాండు" అంది.

"మంచిదే" అన్నాడు కృష్ణమోహన్. "అమ్మను తలుచుకుంటాండంటే తెలివి ఉన్నట్టే. ఇంకొంచెం ఓపిక పట్టమను. తొందరపడి మట్టి కదిలిస్తే మొదటికే మోసం."

చిలుకమ్మ మళ్లీ గొట్టం దగ్గర వంగింది. ఈసారి హిందీ వెతుక్కోలేదు. కడుపున పుట్టినవాడికి చెప్పినట్టు చెప్పింది. "అమ్మ వస్తది బిడ్డా. అమ్మ వస్తాంది. ఫికర్ చెయ్యకు. ఇగో, అమ్మ వస్తాంది."

లోపలి నుంచి వచ్చిన కేకకు ఆమె మొహం గొట్టం నుంచి ఇవతలికి తీసేసింది. "అమ్మ్! అమ్మ్!" గొట్టాన్ని ఇష్టమొచ్చినట్టు బాదుతున్నాడు. అప్పటిదాకా ఒకటొకటిగా వచ్చిన టక్కులు వడగళ్ల వాన రేకుల మీద పడ్డట్టు పడుతున్నాయి.

"ఏమైంది? ఏమన్నవు?" అన్నాడు సారంగపాణి అంచు మీద నుంచి.

"ఏమన్లేదు. అమ్మ వస్తదన్న."

మళ్లీ అంది. మళ్లీ అదే కేక, మరింత గట్టిగా. ఓదార్చిన కొద్దీ మనిషి ఎక్కువ భయపడుతున్నాడు. అమ్మ పేరు చెబితే ఎవరైనా నెమ్మదిస్తారు గాని ఇట్లా గింజుకుంటారా? నేనేదో తప్పు మాట చెప్తున్నాను అనిపించింది చిలుకమ్మకు. ఏ మాటో అర్థం కాలేదు.

"పాణీ, వీళ్లోళ్లెవరికన్న ఫోను కొట్టు! జల్ది!"

"కొడుతనే ఉన్ననక్కా, ఎత్తుత లేరు. స్లాబు కాడ మిక్సర్ చప్పుడుకు వినబడుతలేదేమో."

"మళ్లీ కొట్టు!"

నాలుగోసారో అయిదోసారో జట్టు నాయకుడు ఎత్తాడు. సంగతి విని ఫూల్మనికి ఇచ్చాడు. సారంగపాణి ఫోనును ఫైర్‌మన్ చేతికిచ్చాడు, ఫైర్‌మన్ సాగిలపడి చిలుకమ్మకు అందించాడు. అవతల ఫూల్మని ఏడుపు. మిక్సర్ రొద.

"ఫూల్మనీ, రోనా నై. జిందా హై. సున్. తుమారే బాత్ మే... అమ్మ్ బోల్తా హై. అమ్మ్, అమ్మ్ బోల్తా. మా కో బులాతా క్యా?" బతికే ఉన్నాడని చెప్పి, తల్లిని పిలుస్తున్నాడా అని అడిగింది.

అవతల ఏడుపు ఆగిపోయింది.

"నై దీదీ. మా కో హమ్ ఆయో బోల్తే. అమ్మ్ మత్‌లబ్ పానీ. పానీ!"

తల్లిని వాళ్లు ఆయో అంటారట, అమ్మ్ అంటే నీళ్లట. పానీ. దాహమేస్తోందా? దాహమైతే అంతలా గింజుకోడు. నేను 'వస్తాంది' అన్నప్పుడల్లా ఎందుకు... ఆమె ఫోనును అట్లాగే గొట్టం నోట్లో పెట్టింది. "పూఛ్! క్యా హోరా పూఛ్!" ఏమవుతోందో అడగమని.

ఫూల్మని తన భాషలో ఏదో గట్టిగా అడిగింది. కింద నుంచి తెగిపోతున్న ఊపిరితో రెండు మూడు మాటలు వచ్చాయి. ఆమె అరిచింది. "దీదీ! పానీ ఆ రహా హై! నీచే సే. ఠండా పానీ. కమర్ తక్ ఆగయా బోల్తా!"

"సార్!" అని చిలుకమ్మ అరిచిన అరుపు ఆ సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు. "అమ్మను గాదు! నీళ్లొస్తానయంటాండు! లోపటికి నీళ్లొస్తానయి! నడుము దాక వచ్చినయట!"

కృష్ణమోహన్ ఆకాశం వైపు చూశాడు. చుక్క వాన లేదు. గుంతలో పైకి ఎక్కడా తడి లేదు. "నీళ్లేడికెల్లి వస్తయి?"

అదే సమయంలో ఎదురింటి శ్యామలమ్మ గేటు దగ్గర నిలబడి పక్కింటావిడతో అంటోంది. "పన్నెండింటికి నల్లా ఇడిసిండ్రు గాని, దారం లెక్క సన్నగొస్తాంది. ఏమైందో ఏమో."

కృష్ణమోహన్ ఆ మాట విన్నాడు. చిలుకమ్మా విన్నది. ఇద్దరూ ఒకేసారి సారంగపాణి వైపు చూశారు.

సారంగపాణి మొహంలో నెత్తురు చుక్క లేదు. "పొద్దుగాల..." అన్నాడు. "పొద్దుగాల జేసీబీ పండ్లు తగిలి నల్లా పైపు పగిలింది సార్. సైకిల్ ట్యూబు చుట్టి కట్టినం. మట్టి కప్పినం. నీళ్లు లేని టైమని... ఎవలకు చెప్పలే."

గోడ కూలినప్పుడు ఆ కట్టు ఊడిపోయింది. నల్లా వదిలేదాకా పైపు ఖాళీ. ఇప్పుడు వీధికంతా రావాల్సిన నీళ్లు మట్టి కింద నుంచి నేరుగా ఎత్వా పడుకున్న గూట్లోకి పోతున్నాయి.

తిట్టడానికి ఎవరికీ తీరిక లేదు. నీళ్ల లైన్‌మన్ నర్సయ్యకు ఫోను చేశారు. అతను హనుమకొండ చౌరస్తా అవతల ఉన్నాడు. వాల్వు తిప్పే రాడ్డు అతని దగ్గరే ఉంది. "బండి మీదున్న, వస్తాన, వస్తాన" అంటున్నాడు గాని, అక్కడి నుంచి ఇక్కడికి ఎంత ట్రాఫిక్కో అందరికీ తెలుసు.

"అప్పటిదాక?" అన్నాడు ఫైర్‌మన్.

జవాబు శ్యామలమ్మ దగ్గర నుంచి వచ్చింది. గేటు పట్టుకుని కాసేపు తటపటాయించింది. "సార్... కింది ఇండ్లోళ్లు మోటర్లేస్తే పై ఇండ్లకు చుక్క రాదు, రోజు గదే లొల్లి. అందరం మోటర్లేస్తే గుంతలకు పొయ్యేది గూడ తగ్గదా?"

నల్లాకు మోటారు బిగించుకోవడం నేరం. పట్టుబడితే కనెక్షన్ కోస్తారు. అందుకే ఆ సందులో ప్రతి ఇంట్లో మోటారు ఉంది, అడిగితే ఎవరింట్లోనూ లేదు.

"వెయ్యుండ్రమ్మా!" అని కృష్ణమోహన్ రోడ్డు మీదికి ఉరికాడు. "ఉన్న మోటర్లన్ని వెయ్యుండ్రి! ఎవ్వల మీద కేసు ఉండదు, నాది జిమ్మేదారి!"

మెట్ల కింద నుంచి, బట్టల మూటల వెనక నుంచి, గోనె సంచుల కింద నుంచి మోటార్లు బయటపడ్డాయి. ఒకటి గురగురలాడింది, ఇంకొకటి, ఇంకొకటి. కాసేపటికి సందంతా ఒకటే రొద. సంపులు నిండి పొర్లితే పొర్లనిచ్చారు. వాకిళ్లలోంచి నీళ్లు రోడ్డు మీదికి పారాయి.

కుప్ప మీద చిలుకమ్మకు ఇవేమీ కనబడలేదు. ఫోను గొట్టం దగ్గర పట్టుకుని పడుకుంది. ఫూల్మని ఆపకుండా మాట్లాడుతోంది. ఆ మాటల్లో 'అమ్మ్' వచ్చినప్పుడల్లా చిలుకమ్మ ఫోనును గొట్టానికి ఇంకా దగ్గరగా జరుపుతోంది. ఉన్నట్టుండి ఫోను మూగబోయింది. సిగ్నలు పోయింది.

"హలో? ఫూల్మనీ? హలో?"

ఇక కింద అతను, పైన ఆమె. మధ్యలో ఒక్క గొట్టం. నోటికి అలవాటైన మాటలన్నీ ఆమెకు శత్రువులైపోయాయి. బిడ్డా అందామన్నా వెనకే అమ్మ వచ్చేస్తోంది. పళ్లు బిగబట్టి ఆపుకుంది. ఒక్కొక్క మాటా చూసి చూసి వదిలింది.

"ఎత్వా. పానీ బంద్ కర్‌రే. పానీ బంద్. సునో. పానీ బంద్."

టక్.

"సర్ ఊపర్ రఖో. పానీ బంద్." తల పైకి పెట్టుకొమ్మని, నీళ్లు ఆపుతున్నారని.

టక్... కాసేపటికి మరొకటి, నీళ్లలోంచి కొట్టినట్టు మొద్దుగా.

ఆ తర్వాత ఏమీ రాలేదు.

పిలిచింది. పిడికిలితో గొట్టాన్ని కొట్టింది. జవాబు లేదు. గొట్టం లోపల గళగళమని సన్నటి చప్పుడు మాత్రం ఉంది. జీవితమంతా నీళ్లతో తిరిగిన మనిషికి నీళ్ల చప్పుడంటే భయం వేయడం అదే మొదలు.

సందు మొదట్లో బైకు ఆగింది. నర్సయ్య రాడ్డు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. వాల్వు మూత మీద ఎవరో కారు పెట్టి పోయారు. జనం నలుమూలలా పట్టి కారును పక్కకు జరిపారు. నర్సయ్య రాడ్డు దించి తిప్పబోతే తిరగలేదు. తుప్పు. సారంగపాణి వచ్చి అతని పక్కన చేరాడు. ఇద్దరూ రాడ్డుకు ఛాతీలు ఆనించి నెట్టారు. సారంగపాణి అరచేతులు చీరుకుపోయాయి. కిర్రుమంది. కొద్దిగా కదిలింది. ఇంకొంచెం. తర్వాత ఒక్కసారిగా వదులై తిరగసాగింది.

ఒక్కొక్క మోటారే నీళ్లందక ఎండు గొంతుతో అరిచింది. ఒక్కొక్కటే ఆపేశారు. మళ్లీ నిశ్శబ్దం.

చిలుకమ్మ చెవి గొట్టానికి ఆనించి ఉంచింది. గళగళ ఆగింది. ఇంకేమీ లేదు. ఏమీ లేదు. కృష్ణమోహన్ ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపబోయింది.

టక్.

ఆమె మొహం చెక్కల మీద వాల్చి ఏడ్చేసింది.

జాకీలు వచ్చాయి. గోడకు దుంగలు ఆనించారు. గంపలతో, చేతులతో మట్టి తీశారు. ఎత్వాను పైకి తెచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఒళ్లు తెల్లగా నాని ఉంది. గడ్డం దాకా బురద గీత. ఎడమ కాలు మోకాలు కింద ఇనుప రేకు నొక్కిన చోట నుజ్జయింది. స్ట్రెచరు మీద పడుకోబెట్టాక ఎవరో నీళ్ల సీసా అందించబోతే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పెద్ద దవాఖానలో కాలు నిలబెట్టారు గాని పాదం వంగదన్నారు. ఫూల్మని స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చి మంచం పక్కనే ఉండిపోయింది. బిల్డరు తరఫున ఒకాయన చిలుకమ్మ ఇంటికి వచ్చి, పైపు సంగతి పోలీసుల ముందు తేవద్దన్నట్టు తియ్యగా మాట్లాడాడు. బుచ్చిరాములు అరుగు మీద నుంచి నడుము పట్టుకుని లేచి, "ఇంకొక్క మాటంటే మా ఇంటామె నోరు తెరుస్తది. ఆమె నోరు తెరిస్తే కొత్తవాడ మొత్తం వింటది. పోయిరాండ్రి" అన్నాడు. కాని ఆమె చెప్పాల్సిన అవసరం రాలేదు. సారంగపాణి కట్టు కట్టిన చేతులతో స్టేషనుకు పోయి తనే చెప్పేశాడు. అతని మీదా బిల్డరు మీదా కేసు నడుస్తోంది. వైద్యం ఖర్చు, నష్టపరిహారం బిల్డరు ఇవ్వక తప్పలేదు. సారంగపాణికి హనుమకొండలో మేస్త్రీ పని మళ్లీ దొరకలేదు.

చిలుకమ్మ పొద్దున ట్రిప్పు అయ్యాక రోజూ వార్డుకు పోయేది. ఎత్వా లేచి కూర్చునే రోజు వచ్చాక అడిగింది. అడగకుండా ఉండలేకపోయింది. "నేను అమ్మ వస్తాందంటే నీకేమని వినబడ్డది?"

అతను తన హిందీలో మెల్లగా చెప్పాడు. కొన్నాళ్లుగా ఇక్కడుండి 'వస్తది' అంటే ఏమిటో అతనికి తెలుసు. కింద నీళ్లు ఎక్కుతున్నాయని తను అరుస్తుంటే, పైన కూడా నీళ్లు వస్తున్నాయని ఆమె చెబుతోందనుకున్నాడు. ఏదో చెరువు తెగిందనుకున్నాడు. అందరూ పారిపోయారనుకున్నాడు. 'నిన్ను తియ్యలేం, నీళ్లు వస్తున్నాయి' అని చెప్పిపోవడానికి ఆమె ఒక్కతే ఆగిందనుకున్నాడు.

"తబ్ భీ దీదీ గయీ నహీఁ, సోచా" అన్నాడు. అయినా దీదీ వెళ్లలేదే అనుకున్నానని.

ఫూల్మని జడ వెనక చిక్కుపడి ఉంటే చిలుకమ్మ ఆమెను దగ్గరికి లాక్కుని దువ్వుతూ కూర్చుంది. ఆ రోజు ఎనుమాముల ట్రిప్పు ఆలస్యమైంది.

చలి మొదలయ్యాక వాళ్లిద్దరూ రైలెక్కి ఊరికి పోయారు. ఎత్వా ఇక కడ్డీలు కట్టే పనికి పోలేడు. ఊళ్లో సైకిళ్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టాడు. అప్పుడప్పుడు వీడియో కాల్ చేస్తాడు. చిలుకమ్మ ఫోనును బండి అద్దానికి ఆనించి క్యాన్లు దించుతూనే మాట్లాడుతుంది.

మొన్న చేసినప్పుడు ఫోను ఒక ముసలామె చేతికిచ్చాడు. అతని తల్లి. ఆమెకు హిందీ కూడా రాదు. ఫోనును మొహానికి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో ఒక కన్నూ సగం ముక్కూ మాత్రమే కనబడుతున్నాయి. ఏదో అడిగింది. మాట ఒక్కటీ తెలియలేదు, అడగడం మాత్రం తెలిసింది. పక్కనున్న కొడుకును చెప్పమని చిలుకమ్మ అనలేదు. మధ్యాహ్నం పూట ఒక పెద్ద మనిషి ఫోనులో అడిగేది ఏముంటుందని తనకు తోచిన జవాబు తను చెప్పింది.

"ఆఁ, తిన్ననవ్వా. పప్పుచారు. మీరు తిన్నరా?"

అవతలి కన్ను చిన్నదై నవ్వింది. ఇంకా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చిలుకమ్మ క్యాను కింద పెట్టి, బండి అంచు మీద కూర్చుని వింది.